సైన్యం ఎంత పెద్దదిగా ఉండాలో చట్టం ఎలా కట్టడి చేస్తుంది? ఆ కట్టడి ఎక్కడ తెగిపోతుంది?

అడిగిన ప్రశ్న ఇది: "సైన్యంలో ఇంతమందికి మించి ఉండకూడదని పార్లమెంటు చట్టం చేస్తే అది నిజంగా నిలుస్తుందా? ఏ దేశాల్లో ఉంది? ఎలా రాస్తారు? ఎలా తప్పించుకుంటారు?"

నిలుస్తుంది. అయితే ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఏ రోజున లెక్కపెట్టాలి, హద్దు దాటితే జీతాల డబ్బు ఎక్కడ ఆగుతుంది అన్నవి కూడా ఆ చట్టంలో రాసి ఉండాలి. ఒట్టి అంకె రాసి వదిలేసిన హద్దును రక్షణ శాఖలు రెండు మూడేళ్లలో చుట్టుతిరిగి దాటేస్తాయి. దాటడానికి చట్టాన్ని ఉల్లంఘించాల్సిన అవసరం కూడా ఉండదు. చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ జరిగింది కాబట్టి ఉదాహరణలతోనే చెబుతాను.

ఈ ఆలోచనకు మూలం ఇంగ్లండు. శాంతికాలంలో పార్లమెంటు సమ్మతి లేకుండా రాజ్యంలో స్థిర సైన్యాన్ని ఉంచడం చట్టవిరుద్ధమని 1689 నాటి హక్కుల చట్టం చెప్పింది. అందులో అంకె లేదు. అంకె వేరే దారిన వచ్చింది. సైనికులను కోర్టు మార్షల్ ద్వారా శిక్షించే అధికారాన్ని తిరుగుబాటు చట్టం ఇచ్చేది. దాన్ని పార్లమెంటు ఏడాదికోసారి మాత్రమే పొడిగించేది, ఆ ఏడు ఎంతమంది సైనికులుండాలో కూడా దాని పీఠికలోనే రాసేది. పొడిగించకపోతే పారిపోయిన సైనికుణ్ణి శిక్షించే అధికారం సేనానికి ఉండదు. 1699లో వచ్చిన సైన్య విసర్జన చట్టం ఇంగ్లండులో 7,000 మందికి, ఐర్లండులో 12,000 మందికి మించకూడదని తేల్చింది. ఆ సైనికులు పుట్టుకతో ఆ రాజ్య ప్రజలై ఉండాలన్న షరతు వల్ల మూడో విలియం రాజు తన డచ్ రక్షక దళాన్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. రాజు గట్టిగా వ్యతిరేకించినా జరిగింది, ఎందుకంటే డబ్బు పార్లమెంటు చేతిలో ఉంది. నేటికీ బ్రిటన్ దిగువ సభ ప్రతి ఏటా 'ఓట్ ఎ' పేరుతో ఒక్కో దళానికి గరిష్ఠ సంఖ్యను ఆమోదిస్తుంది. అందులో అత్యవసరాల కోసం కొంత వెసులుబాటు కలిపే ఉంటుంది. అందుకే ప్రభుత్వం ప్రకటించే సైన్యం లక్ష్యం, ఓట్ ఎ లో కనిపించే అంకె ఒకటి కావు. ఈ రెంటినీ కలిపేసి "పార్లమెంటు సైన్యాన్ని పెంచింది" అని రాసే వార్తలను నమ్మకండి.

అమెరికా రాజ్యాంగం కూడా అంకె రాయలేదు, గడువు రాసింది. సైన్యాన్ని సమీకరించి పోషించే అధికారం కాంగ్రెస్‌ది, ఆ పనికి ఏ ద్రవ్య కేటాయింపూ రెండేళ్లకు మించి ఉండరాదు. నౌకాదళానికి ఈ గడువు లేదు, ఎందుకంటే నాటి వాళ్ల భయం నేల మీద తిరిగే సైన్యం గురించే. ఇప్పుడు ఏటా వచ్చే రక్షణ అధీకృత చట్టం ప్రతి దళానికీ 'ఎండ్ స్ట్రెంగ్త్' నిర్ణయిస్తుంది, అంటే ఆర్థిక సంవత్సరం చివరి రోజున, సెప్టెంబరు 30న, రోల్ మీద ఉండాల్సిన సంఖ్య. 2024 ఆర్థిక సంవత్సరానికి అవి ఇలా ఉన్నాయి: ఆర్మీ 4,45,000, నేవీ 3,37,800, మెరైన్ కోర్ 1,72,300, వైమానిక దళం 3,20,000, అంతరిక్ష దళం 9,400. మొత్తం 12,84,500. రిజర్వులకు, నేషనల్ గార్డుకు, పూర్తికాలం పనిచేసే రిజర్వు సిబ్బందికి, ద్వంద్వ హోదా టెక్నీషియన్లకు (పౌర ఉద్యోగం చేస్తూనే రిజర్వులోనో గార్డులోనో సభ్యులుగా ఉండేవాళ్లకు) విడివిడిగా అంకెలుంటాయి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. అధీకృత చట్టం అనుమతి మాత్రమే ఇస్తుంది, డబ్బు ఇచ్చేది ద్రవ్య వినిమయ చట్టం. రెండూ వేర్వేరు కమిటీల నుంచి వస్తాయి, వేర్వేరు రోజుల్లో పాసవుతాయి, అంకెలు కూడా సరిపోకపోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 జాతీయ రక్షణ చట్టం 2,80,000 మంది సైనికులను అనుమతించింది. కానీ డబ్బు అంత రాలేదు. 1921లో కాంగ్రెస్ ఆ బలాన్ని ముందు 1,75,000కి, తర్వాత 1,50,000కి దింపించింది. 1922లో 12,000 మంది అధికారులు, 1,25,000 మంది సైనికులు చాలన్నది. 1920 చట్టాన్ని మాత్రమే చదివినవాడు అమెరికాకు ఉన్న దానికి రెట్టింపు సైన్యాన్ని ఊహించుకుంటాడు. అందుకే ఏ దేశం విషయంలోనైనా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, తక్కువ అంకె ఉన్నదాన్ని అసలు హద్దుగా తీసుకోండి.

డబ్బు అనే ఆయుధం ఎంత మొరటుదో 1877 చూపిస్తుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో సైన్యాన్ని వాడటంపై షరతు పెట్టాలని ప్రతినిధుల సభ పట్టుబట్టింది, సెనేట్ ఒప్పుకోలేదు, సైన్యానికి పద్దు పాస్ కాకుండానే సభ ముగిసింది. ఆ ఏడాది జూన్ 30 నుంచి నవంబరు దాకా అధికారులకూ సైనికులకూ జీతాలు లేవు. సైన్యం మాయం కాలేదు, పని ఆపలేదు, అప్పుల మీద బతికింది. డబ్బు ఆపితే దెబ్బ ముందు తగిలేది సిపాయికి, నిర్ణయం తీసుకున్న మంత్రికి కాదు. డబ్బుతో ముడిపెట్టిన హద్దు రాసేవాళ్లు ఇది మరవకూడదు. మొత్తం పద్దును ఆపే బదులు, హద్దు దాటిన నియామకాలకు, పదోన్నతులకు మాత్రమే డబ్బు ఆగేలా రాయాలి.

ఇప్పుడు లెక్కించే రోజు సంగతి. సంవత్సరాంతపు ఒక్క రోజునే లెక్క తీస్తే, ఆ ఒక్క రోజు కోసం అంకెను దిద్దడం తేలిక. హద్దుకు దగ్గరగా ఉన్న దళం సెప్టెంబరులో శిక్షణ శిబిరానికి రావాల్సిన కొత్తవాళ్లను అక్టోబరు మొదటి వారానికి జరుపుతుంది, వెళ్లాలనుకునేవాళ్లను కొంచెం ముందుగా పంపుతుంది. మనుషులు తక్కువైతే దీనికి తిరగేసి చేస్తుంది. చట్టరీత్యా తప్పేమీ లేదు. అయితే శిక్షణ కేంద్రాలు ఒక నెల ఖాళీగా, మరుసటి నెల కిక్కిరిసి ఉంటాయి. జీతాల ఖర్చు ఏడాది పొడవునా ఉన్న సగటు మీద పడుతుంది కాబట్టి, చివరి రోజు అంకె సరిగ్గా ఉన్నా బడ్జెట్ దాటిపోవచ్చు. పైగా అధీకృత చట్టం తరచూ డిసెంబరులో గానీ పాస్ కాదు. 2024 చట్టంపై సంతకం పడింది 2023 డిసెంబరు 22న. ఆర్మీ హద్దు అంతకు ముందటి 4,52,000 నుంచి 7,000 తగ్గింది, సర్దుకోవడానికి చేతిలో మిగిలింది తొమ్మిది నెలలు.

ఫ్రాన్స్ మరో దారి పట్టింది. 2001 నాటి ఆర్థిక చట్టాల మూల చట్టం ప్రతి మంత్రిత్వ శాఖకూ ఉద్యోగాల గరిష్ఠ పరిమితి పెట్టించింది. దాన్ని ఒక రోజు తల లెక్కతో కాక, ఏడాదిలో నిజంగా పనిచేసిన పూర్తికాలపు సమానంతో కొలుస్తారు. ఆరు నెలలు పనిచేసిన సైనికుడు సగం కింద లెక్క. చివరి రోజు సర్దుబాటుకు ఇక్కడ లాభం లేదు. నన్నడిగితే ఇదే మేలైన కొలత. ఒక లోపం ఉంది: ఈ రోజు సైన్యం ఎంత పెద్దదో సగటు చెప్పదు, కాబట్టి హఠాత్తుగా పెరిగిన బలం ఏడాది చివరిదాకా కనపడకపోవచ్చు. సగటును హద్దుగా పెట్టి, నెలవారీ తల లెక్క ప్రచురించమని విధిగా రాస్తే రెండు లోపాలూ తీరతాయి.

ఎవరిని లెక్కించాలన్నది దీనికన్నా చిక్కు. అమెరికా లెక్కలో శిక్షణలో ఉన్నవాళ్లు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, బదిలీలో దారిలో ఉన్నవాళ్లు, కోర్సుల్లో చదువుతున్నవాళ్లు అందరూ వస్తారు. ఆర్మీలో వీళ్లు ఎప్పుడూ పదో వంతుకు మించే ఉంటారు. అంటే 4,45,000 అన్నప్పుడు యూనిట్లలో నిలబడేవాళ్లు అంతకన్నా బాగా తక్కువ. రిజర్వు సైనికుల కథ ఇంకా నేర్పుతుంది. పూర్వం రిజర్విస్టు 180 రోజులకు మించి క్రియాశీల సేవలో ఉంటే అతణ్ణి క్రియాశీల బలం కింద లెక్కించేవారు. ఫలితంగా 179 రోజుల ఉత్తర్వులు పుట్టుకొచ్చాయి. ఒక ఉత్తర్వు ముగుస్తుంది, మరొకటి మొదలవుతుంది, మనిషి అదే కుర్చీలో ఉంటాడు. దీన్ని సరిదిద్దుతూ 2005 ఆర్థిక సంవత్సరపు చట్టం, గత 1,460 రోజుల్లో 1,095 రోజులు దాటితే లెక్కలోకి వస్తాడని మార్చింది. నాలుగేళ్ల కిటికీలో మూడేళ్లు అన్నమాట. ఉత్తర్వు పొడవును కాకుండా మొత్తం రోజులను కొలవడం అందులోని తెలివి. మీరు ఎప్పుడైనా ఇలాంటి నిబంధన రాయాల్సి వస్తే విడి ఉత్తర్వు మీద రోజుల హద్దు పెట్టకండి. దొర్లుతూ పోయే కాలవ్యవధి మీద పెట్టండి.

మినహాయింపులు లేకుండా ఏ హద్దూ బతకదు. అమెరికాలో జాతీయ ప్రయోజనం పేరుతో రక్షణ మంత్రి 3 శాతం దాకా, ఆయా దళపు కార్యదర్శి 2 శాతం దాకా పెంచుకోవచ్చు. అది రోజువారీ అవసరానికి సరిపోయే వెసులుబాటు. అసలు తలుపు వేరే ఉంది: యుద్ధమో జాతీయ అత్యవసర పరిస్థితో అమల్లో ఉంటే అధ్యక్షుడు ఎండ్ స్ట్రెంగ్త్ హద్దులనే నిలిపివేయవచ్చు. 2001 సెప్టెంబరులో ప్రకటించిన అత్యవసర పరిస్థితి ఏటా పొడిగింపు పొందుతూ వచ్చింది. 2004 జనవరిలో ఆ అధికారం కిందే ఆర్మీకి తాత్కాలికంగా 30,000 మంది అదనంగా ఉండేందుకు అనుమతి దొరికింది. అప్పటి చట్టబద్ధ హద్దు 4,82,400. మరుసటి ఏడాది కాంగ్రెస్ హద్దును 5,02,400కు పెంచింది. తాత్కాలికం అన్నది అలా శాశ్వతానికి దారి వేసింది. మినహాయింపుకు స్వయంగా ముగిసే తేదీ లేకపోతే, పొడిగింపుకు సభ ఓటు అవసరం కాకపోతే, అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం హద్దు నిద్రలోనే ఉంటుంది.

హోదాల మీద ఉపపరిమితులు చాలామంది పట్టించుకోరు గానీ వాటి పని పెద్దది. అమెరికా చట్టంలో మేజర్, లెఫ్టినెంట్ కర్నల్, కర్నల్ హోదాలకు మొత్తం అధికారుల సంఖ్యను బట్టి పట్టిక ఉంది, జనరళ్లకు, అడ్మిరళ్లకు విడిగా పరిమితి ఉంది, సైనికుల్లో అత్యున్నతమైన ఇ-9 గ్రేడుకు 1.25 శాతం హద్దుంది. ఇవి లేకపోతే సైన్యం చిన్నదైనా పైభాగం బరువెక్కుతుంది. అది జీతాల ఖర్చు సమస్య మాత్రమే కాదు. పైభాగం బలంగా ఉన్న చిన్న సైన్యం అనుకున్న రోజున వేగంగా పెద్ద సైన్యమవుతుంది. అందుకు సాక్ష్యం జర్మనీ.

జర్మన్ చరిత్రలో ఈ విషయం మీద జరిగినంత పోరు ఇంకెక్కడా జరగలేదు, అందుకే కాస్త ఆగి చెబుతాను. 1871 సామ్రాజ్య రాజ్యాంగం శాంతికాల బలాన్ని 1867 జనాభాలో ఒక శాతంగా 1871 చివరిదాకా స్థిరపరచి, ఆ తర్వాత చట్టం నిర్ణయిస్తుందని చెప్పింది. ప్రభుత్వం కాలపరిమితి లేని అంకె అడిగింది, సభ ఏటా ఓటు కావాలంది. 1874లో రాజీ కుదిరింది: ఏడేళ్లకు 4,01,659. ఈ అంకె ఎవరిదో చూడండి. సార్జెంట్ల వంటి కింది హోదాలూ సిపాయిలూ మాత్రమే లెక్క, అధికారులు కారు. ఏడాది పాటు స్వచ్ఛందంగా సేవచేసే చదువుకున్న యువకులను లెక్కలోకి తీసుకోరాదని అదే సెక్షన్ రాసింది. రేపటి రిజర్వు అధికారులు వాళ్లలోంచే వస్తారు, వాళ్లే హద్దు బయట. 1887 నాటికి ఛాన్సలర్ బిస్మార్క్ 4,68,409 అడిగాడు. ప్రతిపక్షం అంకెకు ఒప్పుకుంది, మూడేళ్లకే ఇస్తానంది. బిస్మార్క్ సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టి ఏడేళ్లకు గెలుచుకున్నాడు. ఆ గొడవంతా సంఖ్య గురించి కాదు, సభ మళ్లీ ఎప్పుడు ఓటు వేయాలన్న దాని గురించి. చట్టబద్ధ హద్దులో అసలు అధికారం ఆ గడువులోనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

ఇప్పటి జర్మన్ మూల చట్టం 87ఎ అధికరణ, సాయుధ దళాల సంఖ్యాబలమూ వాటి నిర్మాణపు ముఖ్య రూపమూ బడ్జెట్‌లో కనిపించాలని చెబుతుంది. అంకె రాజ్యాంగంలో లేదు, ఎక్కడ కనిపించాలో మాత్రం ఉంది. ఏటా బడ్జెట్ పాస్ అవుతుంది కాబట్టి ఏటా ఓటు పడినట్టే. చట్టబద్ధ కట్టడి రాసిన తీరుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: ఒకటి రెండు వాక్యాలు, దాటేసే సందు తక్కువ.

ఒప్పందాలతో బయటివాళ్లు రుద్దే హద్దులు వేరే రకం. 1808లో నెపోలియన్ జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యాన్ని 42,000కు కుదించాడు. ప్రష్యా దళాలు కొద్దిమందిని తీసుకుని, వేగంగా తర్ఫీదిచ్చి, ఇంటికి పంపి, కొత్తవాళ్లను తీసుకున్నాయి. రోల్ మీద ఎప్పుడూ హద్దులోపే, ఊళ్లలో శిక్షణ పొందినవాళ్లు పెరుగుతూ పోయారు. 1919లో వెర్సాయ్ ఒప్పందం రాసినవాళ్లు ఈ సందును మూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీకి సైన్యం మొత్తం 1,00,000, అందులో అధికారులు 4,000 మించరాదు. సైనికుడు వరుసగా 12 ఏళ్లు, కొత్త అధికారి 25 ఏళ్లు సేవచేయాలి. గడువుకు ముందు వదిలేసేవాళ్లు ఏడాదికి 5 శాతం దాటకూడదు. ఈ చివరి షరతే మేధావి పని, ఎందుకంటే అది బలాన్ని కాదు, ప్రవాహాన్ని కట్టేసింది. నౌకాదళానికి 15,000, వైమానిక దళం అసలే వద్దు, యుద్ధ ప్రణాళికలు వేసే జనరల్ స్టాఫ్ రద్దు. జెండార్మ్‌లు (సైనిక తరహా పోలీసులు), సరిహద్దు కాపలాదారుల సంఖ్య పెంచకుండా వేరే అధికరణ కూడా పెట్టారు.

అయినా తెగింది. ఒకటి, అధికారులకు హద్దు పెట్టి సార్జెంట్లు, కార్పొరల్లకు పెట్టలేదు. జర్మన్ సైన్యం వాళ్లను బాగా పెంచి, ప్రతివాణ్ణీ తన పై హోదా పనికి తయారు చేసింది. రెండు, కార్మిక దళాలనే పేరుతో 1920ల మొదట్లో రహస్య పటాలాలు నడిచాయి. మూడు, శిక్షణే దేశం దాటింది: సోవియట్ యూనియన్‌లోని లిపెత్స్క్‌లో 1925 నుంచి విమాన పాఠశాల, కజాన్‌లో 1929 నుంచి ట్యాంకుల పాఠశాల, రెండూ 1933 దాకా. 1935 మార్చి 16న హిట్లర్ నిర్బంధ సైనిక సేవను, 36 డివిజన్ల సైన్యాన్ని బాహాటంగా ప్రకటించినప్పుడు ఆపిన దేశం లేదు. పరిశీలకుల కమిషన్ అప్పటికే వెళ్లిపోయింది. తనిఖీ ముగిసిన తర్వాత కూడా నిలబడే ఒప్పంద హద్దు చాలా అరుదు.

అరుదు అన్నాను గానీ ఫిన్లండ్ ఉంది. 1947 పారిస్ శాంతి ఒప్పందం దాని భూసైన్యాన్ని 34,400కు, నేవీని 4,500కు, వైమానిక దళాన్ని 3,000 మందికీ 60 విమానాలకూ పరిమితం చేసింది. సరిహద్దు దళాలు, విమాన విధ్వంసక దళాలు కూడా 34,400లోనే కలుస్తాయని స్పష్టంగా రాసింది, అంటే వెనక తలుపు మూసేసింది. ఫిన్లండ్ ఆ సంఖ్య లోపలే నిర్బంధ సేవ నడిపింది, ఏటేటా తర్ఫీదు పొందిన యువకులు రిజర్వులోకి వెళ్లారు. వెర్సాయ్‌లో ఉన్న 12 ఏళ్ల షరతు ఇక్కడ లేదు. 1990 సెప్టెంబరులో ఫిన్లండ్ ఆ సైనిక పరిమితులు ఇక వర్తించవని తనంతట తానే ప్రకటించింది, ఎవరూ ఆక్షేపించలేదు. అదే నెలలో జర్మనీ ఏకీకరణ కోసం కుదిరిన ఒప్పందంలో 3,70,000 మంది పరిమితి ఉంది, అందులో భూసైన్యం, వైమానిక దళం కలిపి 3,45,000 మించకూడదు. అది ఇప్పటికీ ఉంది. బుందెస్‌వేర్ (నేటి జర్మన్ సైన్యం) దానికి చాలా కింద ఉంటుంది కాబట్టి ఎప్పుడూ పరీక్షకు రాలేదు, తాజా విస్తరణ లక్ష్యాలు కూడా దాన్ని తాకవు.

మొత్తం సైన్యానికి కాక, ఒక దేశంలో మోహరింపుకు పెట్టే హద్దులు ఇంకా త్వరగా కారుతాయి. 2000లో అమెరికా కాంగ్రెస్ కొలంబియాలో 500 మంది సైనికులకు, 300 మంది కాంట్రాక్టు సిబ్బందికి హద్దు పెట్టింది, 2004లో 800కు, 600కు పెంచింది. కాంట్రాక్టర్లను కూడా లెక్కించడం ముందుచూపే. కాని లెక్క అమెరికా పౌరులకే వర్తించింది. కంపెనీలు ఇతర దేశాల పైలట్లను, మెకానిక్‌లను పెట్టుకున్నాయి, అంకె కదలలేదు. ఆఫ్ఘానిస్తాన్‌లో హద్దు కాంగ్రెస్ పెట్టింది కాదు, ప్రభుత్వానిదే, కానీ పాఠం ఒకటే: కాగితం మీద 8,400 అన్నా, తాత్కాలిక విధుల మీద వచ్చినవాళ్లను లెక్కించకపోవడం వల్ల అక్కడ ఉన్నది 11,000 మంది దాకా అని 2017 ఆగస్టులో పెంటగాన్ ఒప్పుకుంది. హద్దులో పట్టేందుకు హెలికాప్టర్ దళాన్ని పంపి, దాని మెకానిక్‌లను స్వదేశంలో వదిలి, వాళ్ల పని కాంట్రాక్టర్లకు ఇచ్చారు. ఖర్చు పెరిగింది, ఇంట్లో ఉన్న మెకానిక్‌ల నైపుణ్యం తుప్పు పట్టింది.

పై హద్దులతో పాటు కింది హద్దులూ ఉంటాయి. మెరైన్ కోర్‌లో కనీసం మూడు డివిజన్లు, మూడు వైమానిక విభాగాలు ఉండాలని 1952 నుంచి అమెరికా చట్టం చెబుతోంది. కనీసం 11 విమానవాహక నౌకలు నడవాలనీ ఉంది. ఎంటర్‌ప్రైజ్ 2012 డిసెంబరులో సేవ నుంచి తప్పుకుని, ఫోర్డ్ 2017 జూలైలో చేరే వరకు ఉన్నవి పదే, అందుకు కాంగ్రెస్ ముందే తాత్కాలిక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. కింది హద్దు పై హద్దు కన్నా పెళుసు. మనిషిని రావద్దని చట్టం ఆపగలదు, రమ్మని తేలేదు. జపాన్ సంగతి చూడండి: ఆత్మరక్షణ దళాల మంజూరు బలాన్ని చట్టం 2,47,154గా నిర్ణయించింది, మార్చాలంటే మళ్లీ చట్టసభకు పోవాలి. నిజంగా ఉన్నవాళ్లు ఆ అంకెలో పది శాతం దాకా తక్కువ. అక్కడ చట్టం కన్నా ముందు జననాల రేటు హద్దు పెడుతోంది.

స్విట్జర్లండ్ ఒకే నియమంలో రెండు అంకెలు రాసింది: సమీకరించాల్సిన బలం 1,00,000, పట్టికలో ఉండగలవాళ్లు గరిష్ఠంగా 1,40,000. అనారోగ్యం, విదేశాల్లో ఉండటం, ఉద్యోగ మినహాయింపుల వల్ల పిలిస్తే అందరూ రారు కాబట్టి ఆ తేడా. నిజాయితీ గల పద్ధతి. కానీ తర్వాతి ఏళ్లలో పట్టిక 1,40,000 దాటింది, సేవ గడువు ముగిసినవాళ్లను ఎప్పుడు వదలాలన్న గొడవ మొదలైంది. నిర్బంధ సేవ ఉన్న చోట హద్దు దాటేది కొత్త చేరికల వల్ల కాదు, విడుదల ఆలస్యం వల్ల.

సంఖ్యను సభ కాకుండా ప్రభుత్వమే నిర్ణయించే దేశాలు చాలా ఉన్నాయి. రష్యాలో అధ్యక్షుడి ఉత్తర్వు చాలు: 2024 సెప్టెంబరు ఉత్తర్వు మొత్తం 23,89,130 మంది, అందులో 15,00,000 మంది సైనికులు అని రాసింది. భారత్‌లో రాజ్యాంగంలోగానీ 1950 ఆర్మీ చట్టంలోగానీ సంఖ్య లేదు. బలాన్ని ప్రభుత్వం మంజూరు చేస్తుంది, పార్లమెంటు పద్దుల డిమాండ్ల మీద ఓటు వేస్తుంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ వంటి మౌలిక మార్పు కూడా కొత్త చట్టం లేకుండానే వచ్చింది. ఉక్రెయిన్‌లో పార్లమెంటు సాయుధ దళాల సంఖ్యను ఆమోదించాలని రాజ్యాంగం 85వ అధికరణ చెబుతుంది. 2015 చట్టం 2,50,000 అంది, అందులో సైనికులు 2,04,000. యుద్ధంలో సమీకరణతో వచ్చినవాళ్లు దీనిపైన. 2022 ఇస్తాంబుల్ చర్చల్లో రష్యా 85,000 అడిగింది, ఉక్రెయిన్ 2,50,000 అంది. 2025 నవంబరులో బయటికొచ్చిన అమెరికా ముసాయిదాలో 6,00,000, యూరప్ ప్రతిపాదనలో 8,00,000 అన్నారు. ఈ అంకెల మీదే అందరి చూపూ. నేషనల్ గార్డు, సరిహద్దు దళం లెక్కలోకి వస్తాయా, రిజర్వుకు హద్దుందా, ఎవరు తనిఖీ చేస్తారు అన్నవి తేలకుండా 6 లక్షలకూ 8 లక్షలకూ మధ్య తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు.

మీరు ముసాయిదా రాస్తున్నా, ఒకదాన్ని విమర్శిస్తున్నా, నిర్వచనాల సెక్షన్ నుంచి మొదలుపెట్టండి, అంకె సెక్షన్ నుంచి కాదు. యూనిఫారం ఉండి, సైనిక క్రమశిక్షణ చట్టం కిందకు వచ్చి, రాజ్య ఖజానా నుంచి జీతం తీసుకునే ప్రతివాడూ లెక్కలో ఉండాలి. అర్ధసైనిక దళాలకు విడి అంకె పెట్టండి, ఒకదాని నుంచి మరోదానికి మార్చాలంటే సభ అనుమతి కావాలని రాయండి. రిజర్వుకు రెండు హద్దులు కావాలి: పట్టికలో ఉండేవాళ్లకు ఒకటి, ఏడాదిలో పిలవగల మొత్తం పని రోజులకు ఒకటి. కాంట్రాక్టర్లను జాతీయతతో నిమిత్తం లేకుండా, చేసే పనిని బట్టి లెక్కించండి. లేకపోతే వంటవాడి నుంచి మెకానిక్ దాకా బయటికి పోయి, పోరాడేవాళ్ల సంఖ్య హద్దులోపలే పెరుగుతుంది. ఇది మంచిదనుకునేవాళ్లు ఉండొచ్చు, కానీ సభ ఉద్దేశించింది అదేనా అన్నది ముందే తేల్చుకోవాలి.

హద్దును తగ్గిస్తున్నప్పుడు దశలు రాయడం మరవద్దు. ఒక్క ఏడాదిలో పది శాతం కోస్తే, దళాలు తేలికైన దారి పడతాయి: కొత్త నియామకాలు ఆపేస్తాయి. పదేళ్ల తర్వాత అనుభవం ఉన్న సార్జెంట్లు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది, ఏ డబ్బుతోనూ దాన్ని అప్పటికప్పుడు నింపలేరు. అందుకే తగ్గింపు ఏటా రెండు మూడు శాతం మించకుండా, చేరికలకు కూడా ఒక కనీస అంకెతో రాయాలి.

దాటితే ఏమవుతుందన్నది చివరి ముడి. కోర్టులు ఇలాంటి విషయాల్లో కలగజేసుకోవు, ఎండ్ స్ట్రెంగ్త్ దాటినందుకు అమెరికాలో కూడా ప్రత్యేక శిక్ష లేదు. పనిచేసేది దాని పక్కనున్న డబ్బు చట్టం: కేటాయింపుకు మించి ఖర్చుచేసిన అధికారికి జరిమానా, జైలు దాకా ఉన్న నిబంధన. కాబట్టి తలసరి జీతాన్ని అధీకృత సగటు బలంతో గుణించి జీతాల పద్దును స్థిరపరచండి, వేరే పద్దు నుంచి జీతాలకు మళ్లించడాన్ని నిషేధించండి, హద్దు దాటిన నెల నుంచి కొత్త చేరికలకు, పదోన్నతులకు డబ్బు విడుదల కాకుండా రాయండి. నెలవారీ లెక్కను ధ్రువీకరించేది రక్షణ శాఖ కాకుండా ప్రభుత్వ ఆడిటరు అయి ఉండాలి. ఆడిటరుకు జీతాల చెల్లింపు రికార్డులను నేరుగా చూసే అధికారం అదే సెక్షన్‌లో ఇవ్వండి. హాజరు పట్టీలను దిద్దడం సులువు, జీతాల బిల్లులను దిద్దడం కష్టం.